శాసనసభలో ఒక మామూలు రోజు

సంచికకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికొచ్చి అడిగినప్పుడు, "ఏం రాయమంటావోయ్?" అన్నాను. "మీ ఇష్టం సార్. రాజకీయాల మీద అయితే బాగుంటుంది. కానీ పాఠంలాగా వద్దండి" అన్నాడు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన వాణ్ణి పాఠంలాగా వద్దంటే ఎలా? అయినా ప్రయత్నిస్తాను. అక్కడక్కడా పాత వాసన కొడితే పాఠకులు మన్నించాలి.

2017 మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరుగుతుండగా, మా ఎం.ఏ. ఆఖరి సంవత్సరం వాళ్లను పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని హైదరాబాదు శాసనసభకు తీసుకుపోయాను. పాసుల కోసం నాలుగు రోజులు తిరిగాను, అది వేరే కథ. పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లటి గుమ్మటాలతో కనిపించే పాత భవనాన్ని మీరంతా చూసే ఉంటారు. ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేసి, 1913లో టౌన్ హాలుగా పూర్తి చేశారు దాన్ని. నిజాముకు జ్ఞాపకంగా కట్టిన ఇల్లు చివరికి ఓటర్లు పంపినవాళ్ల పాలైంది. ఈ సంగతి చెబితే మా పిల్లలు తలలూపారు గానీ వాళ్ల చూపంతా గేటు దగ్గరి టీవీ కెమెరాల మీదే ఉంది.

సెల్ ఫోన్లు బయటే అప్పగించాం. మాట్లాడొద్దు, చప్పట్లు కొట్టొద్దు, ముందుకు వంగి చూడొద్దు అని వాచ్ అండ్ వార్డు వాళ్లు మరీ మరీ చెప్పి గ్యాలరీలో కూర్చోబెట్టారు. సాయంత్రం బయటికొచ్చాక ఒకమ్మాయి నిట్టూర్చి, "సార్, ఇవాళ ఏమీ జరగలేదండి" అంది. మిగతా వాళ్లదీ అదే మాట. మైకు విరగలేదు, కాగితాలు చించలేదు, ఎవర్నీ మార్షల్స్ మోసుకుపోలేదు. కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. ఒకాయన మాట్లాడుతుంటే పక్కాయన కునుకు తీస్తున్నాడు. నిజమే, నేనూ చూశాను.

ఆ రోజు జరిగినదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఖాళీ కుర్చీల సంగతి. సభ నడవాలంటే అందరూ ఉండక్కర్లేదు. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో పదో వంతు, లేదా పదిమంది, ఏది ఎక్కువైతే అది కోరం. తెలంగాణ సభలో ఎన్నికైన సభ్యులు 119 మంది. ఆనాటికి ఒక ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ సభ్యుడు కూడా ఉండేవారు, ఆ పద్ధతి 2020 జనవరితో పోయింది. ఎటు చూసినా పన్నెండు మంది ఉంటే చాలు. వెలగపూడిలో 2017 నుంచీ నడుస్తున్న ఆంధ్రప్రదేశ్ సభకు 175 మంది, కాబట్టి అక్కడ పద్దెనిమిది మంది కావాలి. చట్టం చెయ్యడానికీ, కోట్లు మంజూరు చెయ్యడానికీ ఈ మాత్రం జనం చాలా అని మీరడగవచ్చు. చాలదనే నా అభిప్రాయం. కానీ రాసిపెట్టి ఉన్నది అంతే.

బెల్లు మోగింది, స్పీకరు వచ్చారు, సభ లేచి నిలబడింది, ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. సభలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆపైన సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా జవాబిస్తే సరిపోతుంది. ఆ రోజు అచ్చైన జాబితాలో నక్షత్రం ప్రశ్నలు పది ఉన్నాయి. గంట గడిచేసరికి ఆరు మాత్రమే అయ్యాయి. మిగిలిన నాలుగింటికీ జవాబులు సభ ముందు ఉంచినట్టు భావించమని స్పీకరు ప్రకటించి ముందుకు వెళ్లిపోయారు. ఆ మాట అర నిమిషంలో అయిపోయింది.

ఆ అర నిమిషంలో మా వాళ్లలో ఒకబ్బాయి మొహం వాడిపోవడం నేను గమనించాను. ఎక్కువ మాట్లాడని పిల్లవాడు. చొక్కా జేబులో మడత పెట్టుకున్న జిరాక్సు కాగితం తీసి చూసుకుంటున్నాడు. అది ఆనాటి ప్రశ్నల జాబితా. అందులో తొమ్మిదోది వాళ్ల ఊరి సంక్షేమ హాస్టలు గురించి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా తను అక్కడే చదివాడు. నూట నలభై మంది పిల్లలు, అద్దె కొంప, మూడంటే మూడు స్నానాల గదులు. వాన పడితే ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని వరండాలో నిలబడేవాళ్లట. ఊళ్లో పెద్దలతో కలిసి ఎమ్మెల్యే దగ్గరికి మూడుసార్లు తిరిగితే ఆ ప్రశ్న పడింది. మాతో పాటు సభకు వచ్చింది దానికోసమే. నాకు ముందుగా చెప్పనే లేదు.

"మా ప్రశ్న రాలేదు సార్" అన్నాడు గుసగుసగా. "మా తమ్ముడు ఇప్పుడు అక్కడే ఉన్నాడు."

గ్యాలరీలో మాట్లాడకూడదు కదా, ఊరుకొమ్మని సైగ చేశాను. చెప్పవలసింది మాత్రం చాలా ఉంది. ఒక ప్రశ్న సభలోకి వచ్చేలోగా ఎంత దూరం నడుస్తుందో చాలామందికి తెలియదు. సభ్యుడు నోటీసు ఇస్తాడు. అది నిబంధనలకు లోబడి ఉందా లేదా అని శాసనసభ సచివాలయం చూస్తుంది. అక్కణ్ణుంచి సంబంధిత శాఖకు, శాఖ నుంచి కమిషనరు కార్యాలయానికి, అక్కణ్ణుంచి జిల్లాకు, జిల్లా నుంచి చివరికి ఆ హాస్టలు వార్డెను బల్ల మీదికి వస్తుంది. వార్డెను రాసినది అదే దారిన పైకి ఎక్కుతుంది. "శాసనసభ ప్రశ్న" అని ఫైలు మీద ఎర్ర అక్షరాలు కనబడితే మామూలుగా ఆర్నెల్లు పట్టే కాగితం నాలుగు రోజుల్లో కదులుతుంది. ఎందుకంటే సభకు తెలిసి తెలిసి తప్పు చెబితే అది సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది. మంత్రిగారు ఇరుకున పడితే కింద ఎంతమంది ఇరుకున పడతారో ఊహించుకోండి. సభ జరుగుతున్నంతసేపూ అధికారుల గ్యాలరీ నుంచి మంత్రులకు చిన్న చిన్న చీటీలు వెళ్తూనే ఉంటాయి. పరీక్ష హాల్లో అలా అందిస్తే మనం డిబారు చేస్తాం!

కాబట్టి తొమ్మిదో ప్రశ్న రాలేదన్నది సగం నిజమే. సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేసి మంత్రిని నిలదీసే అవకాశం పోయింది, అది నష్టమే. కానీ జవాబు అప్పటికే తయారై, అచ్చై, సభ కాగితాల్లో కలిసిపోయింది.

తర్వాత జీరో అవర్. ఇది నిబంధనల్లో పుట్టినది కాదు, అలవాటులో పుట్టింది. ఒక్కొక్క సభ్యుడూ లేచి తన నియోజకవర్గంలో వంతెన గురించో, ఆస్పత్రిలో డాక్టరు లేని సంగతో చెబుతాడు. మంత్రి "నోటెడ్" అంటాడు. అంతే. తర్వాత సభకు పత్రాలు సమర్పించే కార్యక్రమం. మంత్రి లేచి ఫలానా కార్పొరేషను వార్షిక నివేదిక సమర్పిస్తున్నానంటాడు, కూర్చుంటాడు. ఈ వరసలోనే ఆర్డినెన్సులు వస్తాయి. సభ మళ్లీ మొదలైన ఆరు వారాల్లోగా ఆమోదం పొందకపోతే అవి చెల్లకుండా పోతాయి. కాగ్ నివేదికలూ ఇలాగే వస్తాయి, చాలాసార్లు సమావేశాల ఆఖరు రోజున, చదివి అడిగే వ్యవధి లేకుండా. ఇదొక చమత్కారం. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ విద్య మాత్రం మర్చిపోదు.

భోజనాలయ్యాక పద్దులు. మా పిల్లలకు నిద్ర ముంచుకొచ్చింది ఇక్కడే. నా దృష్టిలో ఆ రోజంతటికీ ప్రాణం ఇదే.

2017–18కి రాష్ట్ర బడ్జెట్ మొత్తం 1,49,646 కోట్ల రూపాయలు. బడ్జెట్ ప్రసంగం నాడు పేపర్లన్నీ నిండిపోతాయి. అయితే ప్రసంగం చదివినంత మాత్రాన ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టే హక్కు రాదు. శాఖలవారీగా ఇంత కావాలని మంత్రులు అడగాలి, సభ ఒప్పుకోవాలి. ఆ అడగడమే పద్దు. అన్నీ ఒప్పుకున్నాక ద్రవ్య వినిమయ బిల్లు పాసైతేనే సంచిత నిధి తాళం తెరుచుకుంటుంది. అప్పుల మీద వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, స్పీకరు జీతం లాంటివాటి మీద మాత్రం ఓటు ఉండదు. చర్చించవచ్చు, కాదనడానికి లేదు. 202వ అధికరణం నుంచి 204 దాకా చదివితే ఇదంతా తెలుస్తుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా తప్ప వాటిని ఎవరూ చదవరని నాకు తెలుసు లెండి.

ఆ రోజు వచ్చిన పద్దుల్లో సంక్షేమ శాఖలవి కూడా ఉన్నాయి. ప్రతిపక్ష సభ్యుడొకరు కోత తీర్మానం పెట్టారు, పద్దులో నూరు రూపాయలు తగ్గించాలని. మా వాళ్లు ముసిముసిగా నవ్వారు. కోట్ల మీద నూరు రూపాయలేమిటి? అందులోనే ఉంది కిటుకు. విధానాన్నే కాదనాలంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. దుబారా అనుకుంటే ఫలానా మొత్తం కొయ్యమంటారు. ఒక నిర్దిష్టమైన కష్టం చెప్పుకోవాలంటే నూరు రూపాయలు కొయ్యమంటారు. ఆ వంకతో హాస్టళ్లలో మెస్ చార్జీల గురించీ, అద్దె భవనాల గురించీ ఆయన పది నిమిషాలు మాట్లాడారు. అంకెలు చూసుకుని తడబడకుండా మాట్లాడారు. వినేవాళ్లు ఇరవై ముప్ఫై మందికన్నా లేరు. పొరపాటున ఆ నూరు రూపాయలూ తగ్గాయంటే మాత్రం ప్రభుత్వం సభలో ఓడిపోయినట్టే లెక్క. కాబట్టి అవి తగ్గవు.

మంత్రి జవాబిచ్చారు. స్పీకరు పద్దులన్నీ కలిపి ఓటుకు పెట్టారు. మూజువాణి ఓటు. ఒప్పుకునేవాళ్లు ఒక గొంతు, ఒప్పుకోనివాళ్లు ఒక గొంతు, ఎవరి కేక పెద్దదో స్పీకరు చెవికి తెలుస్తుంది. ఎవరైనా పట్టుబట్టి డివిజను అడిగితే తలలు లెక్కపెట్టాలి. ఎవరూ అడగలేదు. చేతిగడియారం చూశాను. కోత తీర్మానాలు వీగిపోవడానికీ పద్దులు నెగ్గడానికీ కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఇక గడువు ముగిసే రోజు దాకా చర్చకు రాని పద్దులుంటే వాటన్నిటినీ అసలు చర్చే లేకుండా ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. ఫ్రెంచి విప్లవంలో తలలు తెగితే ఇక్కడ చర్చలు తెగుతాయి.

బస్సులో తిరిగొస్తూ ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాను. "పొద్దున మీ హాస్టలు రాలేదన్నావు. మధ్యాహ్నం వచ్చింది చూశావా?" అన్నాను. అర్థం కానట్టు చూశాడు. "వాళ్లంతా ఒక్కసారి గొంతెత్తి ఒప్పుకున్నారే, అందులో మీ తమ్ముడి అన్నం ఉంది, ఆ కొంప అద్దె ఉంది, కొత్త భవనం కడితే దానికి ఇటుకలు ఉన్నాయి" అన్నాను. వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "అంత తొందరగానా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వారం తర్వాత తెలిసినవాళ్ల ద్వారా తొమ్మిదో ప్రశ్న జవాబు తెప్పించాను. మూడు ముక్కలు. హాస్టలు అద్దె భవనంలో ఉన్నమాట నిజమేనా అంటే, "అవునండి". సొంత భవనం కట్టే ప్రతిపాదన ఉందా అంటే, "స్థలం గుర్తించడమైనది, అంచనాలు పరిశీలనలో ఉన్నవి". లేకపోతే కారణమేమిటి అంటే, "ప్రశ్న ఉత్పన్నం కాదు".

అబ్బాయి చదివి నీరుగారిపోయాడు. "ఏదీ చెప్పలేదు సార్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "పరిశీలనలో ఉంది" అనే మాటను మనం బయట తప్పించుకునే మాటగా వింటాం. చట్టసభలో అది వేరు. లోక్‌సభలో ప్రభుత్వ హామీల సంఘం 1953 నుంచీ ఉంది. మంత్రి నోటి నుంచి ఏయే మాటలు వస్తే హామీ కింద లెక్కగట్టాలో ఆ సంఘానికి ఒక జాబితా ఉంది. అందులో "విషయం పరిశీలనలో ఉంది" అన్నదొకటి. మూడు నెలల్లోగా ఏం చేశారో చెప్పాలి, లేదా గడువు అడగాలి. శాసనసభల్లోనూ ఇలాంటి సంఘాలున్నాయి. అవి ఎంత గట్టిగా పనిచేస్తాయన్నది సభ్యుల పట్టుదల మీద ఉంటుంది, దాని గురించి గొప్పలు చెప్పను. కానీ స్థలం గుర్తించామని ప్రభుత్వం అచ్చులో ఒప్పుకుంది. ఊళ్లోవాళ్లకు ఆ ముక్క అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ కాగితం జిరాక్సు పట్టుకుని అబ్బాయి ఒక కార్యాలయానికి వెళ్లాడు. రెండేళ్లుగా "అలాంటి ఫైలేదీ మా దగ్గర లేదు" అంటున్న గుమాస్తాగారు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, లోపలికి వెళ్లి, దుమ్ము దులుపుతూ ఫైలు తెచ్చాడట. నంబరు కూడా రాసుకోనిచ్చాడట. ఆ తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి మరో నాలుగుసార్లు తిరిగారు. మధ్యలో కాంట్రాక్టరు మారాడు, కరోనా వచ్చింది, పని ఆగింది.

పోయినేడు దసరాకు ఫోన్ చేశాడు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాడు. తమ్ముడు హాస్టలు వదిలి ఎప్పుడో డిగ్రీకి వెళ్లిపోయాడు. "స్లాబు పడింది సార్. స్నానాల గదులు పన్నెండు కట్టారు. గోడలకు సున్నం ఇంకా వెయ్యలేదు" అన్నాడు.