రెండూ ఒకటే బోర్డా? మదర్‌బోర్డులపై అపోహలు – వాస్తవాలు

సింహాచలం కొండ కింద అడివివరం నుంచో, గోపాలపట్నం నుంచో ఇంజినీరింగ్ కుర్రాళ్లు కంప్యూటర్ కూర్పించుకుందామని విశాఖ షాపులకు వస్తుంటారు. బడ్జెట్ ముందే తేల్చుకుని ఉంటారు. అక్కడ వాళ్లకు తరచూ వినిపించే మాట: "రెండూ ఒకటే బోర్డు బాబూ, దీనికి వైఫై ఉంది, దానికి లేదు, అంతే." కొన్ని జతల విషయంలో అది అక్షరాలా నిజం. నిజం కాని జతలూ ఉన్నాయి. అక్కడే అమ్మానాన్నలు కూడబెట్టిన డబ్బు వృథా అవుతుంది.

అపోహ: పేరు ఒకటే అయితే బోర్డూ ఒకటే.

వాస్తవం: ఎంఎస్ఐ వారి బి450 టొమాహాక్, బి450 టొమాహాక్ మ్యాక్స్ చూడండి. కరెంటు సరఫరా చేసే భాగాలు దాదాపు అవే. తేడా బయాస్ దాచుకునే చిప్‌లో ఉంది. పాతదానికి 16 ఎంబీ, మ్యాక్స్‌కు 32 ఎంబీ. 2019 జులైలో రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చాక వాటికి కావలసిన కోడ్ ఆ 16 ఎంబీలో ఇమడలేదు. దాంతో పాత బోర్డు బయాస్‌లో రంగుల మెనూ తీసేసి సాదా మెనూ పెట్టారు, రెయిడ్ సదుపాయం తొలగించారు, కొన్ని పాత ప్రాసెసర్లను వదిలేశారు. మ్యాక్స్ కొన్నవాళ్లకు ఈ తిప్పలు లేవు. డబ్బా మీద పైకి కనిపించే తేడా మాత్రం ఆ ఒక్క మాటే.

ఏసస్ టఫ్ గేమింగ్ బి760ఎం-ప్లస్ వైఫై విషయంలో తేడా ఇంకా గట్టిది. చివర డి4 ఉంటే డీడీఆర్4 ర్యామ్, లేకపోతే డీడీఆర్5. రెండు రకాల ర్యామ్‌లకూ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకటి రెండోదాంట్లో దిగదు. పాత ర్యామ్ వాడుకోవాలనుకునేవారు ముందు చూడాల్సింది ఇదే. గిగాబైట్ పేర్లలో ఏఎక్స్ అంటే వైఫై ఉందని. ఆ కంపెనీ బోర్డు మూలన రెవిజన్ నంబరు కూడా అచ్చువేసి ఉంటుంది. బయాస్ ఫైలు ఆ నంబరుకు సరిపోయేదే ఎక్కించాలి.

అపోహ: ఖరీదైన బోర్డు వేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో ఉన్నది పీసీఐఈ 3.0 మాత్రమే. బి550 బోర్డులో పెట్టినా దానికి పీసీఐఈ 4.0 రాదు. ఎంఎస్ఐ బి550-ఏ ప్రోకు 1 గిగాబిట్ నెట్ పోర్టు, బి550 టొమాహాక్‌కు అదనంగా 2.5 గిగాబిట్ పోర్టు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ 100 మెగాబిట్లదైతే ఆ అదనపు పోర్టుకు పెట్టిన డబ్బు దండగ. దాంతో ఇంకో 8 జీబీ ర్యామ్ కొనుక్కోమనే నేను చెబుతాను.

అపోహ: ప్రాసెసర్‌కు కరెంటు అందించే ఫేజులు ఎన్ని ఎక్కువుంటే బోర్డు అంత గట్టిది.

వాస్తవం: ఒక్కో ఫేజులో వాడిన భాగాల సత్తా ఎంత, వాటిపై హీట్‌సింక్ ఉందా అన్నదే లెక్క. 65 వాట్ల ప్రాసెసర్‌కు మామూలు బోర్డు చాలు. 142 వాట్ల దాకా లాగే రైజెన్ 9 5950ఎక్స్‌ను హీట్‌సింక్ లేని బోర్డులో పెట్టి, మే నెల ఉక్కలో ఏసీ లేని గదిలో గంటలకొద్దీ నడిపితే అది వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది.

అపోహ: పెద్ద మోడల్ కొంటే సముద్రపు గాలికి తట్టుకుంటుంది.

వాస్తవం: విశాఖవాసులు ఈ మాట అస్సలు నమ్మకూడదు. ఇళ్లలో వాడే బోర్డులకు ఉప్పుగాలిని పూర్తిగా ఆపే పూత సాధారణంగా ఉండదు. ఉప్పు, తేమ, దుమ్ము కలిసి పేరుకున్నచోట రాగికి చిలుము పడుతుంది. పోర్టు పక్కన పాతనగరంలోనైతే బొగ్గు ధూళి దీనికి తోడు. క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టడం, ఫిల్టర్లు తరచూ దులపడం, కంప్యూటర్‌ను నెలల తరబడి ఆపి ఉంచకపోవడం మోడల్ పేరుకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేవారు స్లాట్ల అంచుల్లో, స్క్రూ రంధ్రాల చుట్టూ ఆకుపచ్చ మరకలు ఉన్నాయేమో టార్చి వేసి చూసుకోవాలి.

అపోహ: బిల్లులో "బి450 మదర్‌బోర్డు" అని ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. రాసింది డబ్బా మీద, బోర్డు మీద ఉన్నదానితో సరిపోయిందో లేదో డబ్బు ఇవ్వకముందే, అక్కడే నిలబడి చూసుకోండి.