బోట్లలో బ్యాటరీ కేబుల్ ఎంపిక: మత్స్యకారులు గమనించవలసిన అంశాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్లపై చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో బోట్ల మరమ్మతులు ప్రధానంగా ఈ కాలంలోనే జరుగుతాయి. రంగులకు, ఇంజనుకు, వలలకు వేలాది రూపాయలు వెచ్చించే యజమానులు సైతం బ్యాటరీ నుండి పరికరాలకు వెళ్లే కేబుల్‌ను అంతగా పట్టించుకోరు. ఇంటి వైరింగులో మిగిలిన తీగను తెచ్చి బోటులో బిగించడం కూడా కద్దు. రేవులో ఉన్నంతకాలం దీనివల్ల ఏ లోపమూ కానరాదు.

ఇంటిలో విద్యుత్తు 230 వోల్టులు కాగా, బోటు బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులు మాత్రమే. అంటే అంతే శక్తిగల పరికరానికి బోటులో సుమారు 19 రెట్లు ఎక్కువ కరెంటు ప్రవహించవలసి ఉంటుంది. సన్నని తీగలో ఆ ప్రవాహానికి నిరోధం ఏర్పడి కొంత వోల్టేజి దారిలోనే నష్టమవుతుంది. ఇంటిలో ఒక వోల్టు తగ్గినా ఎవరికీ తెలియదు. బోటులో అది పరికరం పనిచేయడానికీ, చేయకపోవడానికీ గల తేడా.

వి.హెచ్.ఎఫ్. రేడియోనే తీసుకుందాం. వినేటపుడు ఈ సెట్టు సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. 25 వాట్ల శక్తితో మాట్లాడేటపుడు సుమారు 6 ఆంపియర్లు అవసరం. ఇంజను గదిలోని బ్యాటరీ నుండి వీల్‌హౌస్‌కు కేబుల్ దారి 10 మీటర్లనుకుంటే, రానుపోను 20 మీటర్లుగా లెక్కించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే వినేటపుడు నష్టం 0.12 వోల్టులే, కాని మాట్లాడేటపుడు అది 1.4 వోల్టులకు చేరుతుంది. తుపాను హెచ్చరిక సరంగుకు స్పష్టంగా వినబడుతుంది. ఆయన 16వ ఛానల్‌లో చేసే ఆపద పిలుపు మాత్రం ఎవరికీ అందకపోవచ్చు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే నష్టం 0.35 వోల్టులకు తగ్గుతుంది. రేడియో, దారి దీపాలు, నీరు తోడే పంపు వంటి ముఖ్య పరికరాలకు నష్టం 3 శాతం మించకుండా చూడడం మేలైన పద్ధతి.

లెక్క కష్టమేమీ కాదు. రానుపోను మీటర్లను ఆంపియర్లతోనూ, ఆ వచ్చినదానిని 0.0175తోనూ హెచ్చవేసి, తీగ చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే నష్టపోయే వోల్టులు తెలుస్తాయి. 24 వోల్టుల ఏర్పాటులో అదే శక్తికి కరెంటు సగమవుతుంది, నష్టపు శాతం నాలుగో వంతుకు దిగుతుంది. అయితే రెండు బ్యాటరీల జతలో ఒకదాని నుండి మాత్రమే 12 వోల్టులు తీసుకోవడం తగదు. అలా చేస్తే ఆ బ్యాటరీ త్వరగా పాడవుతుంది. స్టార్టర్ మోటారు కొన్ని వందల ఆంపియర్లు తీసుకుంటుంది కనుక దానికి 50 లేదా 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అవసరం కావచ్చు. బ్యాటరీని ఇంజనుకు దగ్గరగా అమర్చుకుంటే ఆ ఖర్చు కొంత కలిసివస్తుంది.

మందం ఒక్కటే చాలదు. ఉప్పుగాలికి మామూలు రాగి నల్లబడి, చిలుమెక్కి, లోలోపల తెగిపోతుంది. ప్రతి పోగుకూ కళాయి పూసిన రాగి కేబుల్ ధర ఎక్కువైనప్పటికీ చాలాకాలం మన్నుతుంది. ఇంజను అదురుకు ఒంటితీగ విరుగుతుంది కాబట్టి సన్నని పోగులు అనేకం గలదే ఎంచుకోవాలి. పై తొడుగు వేడిని, డీజిలును తట్టుకోగలదై ఉండాలి. కొసలను మెలితిప్పి టేపు చుట్టే అలవాటు మానుకొని, లగ్గులను క్రింపింగ్ సాధనంతో నొక్కించాలి.

బ్యాటరీ ప్లస్ కొస నుండి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. దాని పరిమితి కేబుల్ భరించగల కరెంటును మించరాదు. పరికరం వద్ద మాత్రమే ఫ్యూజు పెడితే, మధ్యలో తీగ ఒరుసుకుపోయినపుడు మంటను ఆపేది ఏదీ ఉండదు. కారణం ఏదైనప్పటికీ, పక్కపక్కనే కట్టిన బోట్ల మధ్య మంటలు ఎంత వేగంగా వ్యాపిస్తాయో 2023 నవంబరులో విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు చూసింది.

పని పూర్తయిన తరువాత మీటరుతో పరీక్షించుకోవాలి. సెట్టు ఊరకే ఉన్నపుడు కాక, మాట్లాడే మీట నొక్కి ఉంచి, సెట్టు వద్ద వోల్టులు చూడాలి. ఈ పరీక్షకు 16వ ఛానల్ వాడరాదు.