పీపా, కాలం, పాట: మెట్టప్రాంతపు ఇంటిసారాకు పక్వత ఎందుకు లేదు?

ఉపోద్ఘాతం

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణాజిల్లాలోని మెట్టప్రాంతాలు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. తెలుగునేలలోని ఇతర మెట్టసీమల వలె ఇక్కడా నాటుసారా అనే మాట అందరికీ తెలిసినదే. సారా, విస్కీ రెండూ పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చగా వచ్చేవే. అయినా విస్కీ ఏళ్ల తరబడి పీపాలో ఉంటుంది. సారా కాచిన కొద్దిరోజులకే ఖర్చయిపోతుంది. ఈ భేదానికి కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పీపాలో జరిగే మార్పు

నాటుసారాకు బెల్లం, తుమ్మచెక్క నానబెట్టిన ఊట ఆధారం; విస్కీకి బార్లీ వంటి ధాన్యం ఆధారం. కాచిన వెంటనే విస్కీకి కూడా రంగు ఉండదు. లోపలివైపు కాల్చిన ఓక్ పీపాలో పోసినప్పుడు, వేడికి ద్రవం వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది. చలికి వెనక్కి వస్తుంది. ఈ రాకపోకలలో చెక్కలోని టానిన్లు, వెనిలిన్ ద్రవంలో కలుస్తాయి. కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉంటేనే స్కాచ్ అనాలని అక్కడి చట్టం నిర్దేశిస్తుంది. స్కాట్లాండులో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరు అమృత్ సంస్థ పీపాలలో ఆ నష్టం 10 శాతం వరకూ, అంతకు మించీ ఉంటుంది. మండువేసవిలో 45 డిగ్రీలకు చేరే నందిగామలో తరుగు ఎక్కువగానే ఉండాలి, పక్వత కూడా త్వరగానే రావాలి. కనుక వాతావరణం అసలు అడ్డంకి కాదు.

సంగీతం: రెండు పాత్రలు

పక్వతకు సంగీతాన్ని వాడిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 2018లో మెటాలికా రాక్ బృందం, డేవ్ పికెరెల్‌తో కలిసి ‘బ్లాకెన్డ్’ విస్కీని తెచ్చింది. మంద్రస్థాయి ధ్వనుల ప్రకంపనలకు ద్రవం చెక్కతో మరింతగా కలుస్తుందని ఉత్పత్తిదారుల వాదన. అయితే అందులో కలిపినవి అప్పటికే పీపాలలో ఏళ్లు గడిపిన విస్కీలు. అక్కడ పాట కాలానికి తోడు మాత్రమే.

తెలుగునాట ఊరూరా తిరిగిన కళాకారుల పాట ఇందుకు భిన్నమైన పని చేసింది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమపు కళాజాతాలు పాటలతో, వీధినాటకాలతో పల్లెలను కదిలించాయి. దూబగుంట మహిళలు ప్రారంభించిన పోరాటం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో మద్యనిషేధం సడలినా సారాపై నిషేధం నిలిచింది.

ముగింపు

పీపాకు స్థిరమైన చోటు, ఏళ్లపాటు కదలని పెట్టుబడి, బహిరంగంగా లెక్క చూపగల హక్కు కావాలి. ఇంటిసారాకు ఈ మూడూ లేవు. ఊట కనబడితే పారబోస్తారు. సరుకు నిల్వ ఉంటే కేసు పెడతారు. అందుకే అది వెంటనే చేతులు మారి, కొలతలేని ఘాటుతో, కల్తీ భయంతో తాగేవారిని చేరుతుంది. మిథైల్ ఆల్కహాలు కలిసిన సారాను ఎన్నేళ్లు పీపాలో ఉంచినా ఆ విషం పోదు. మెట్టప్రాంతాల మద్యచరిత్రను పరిశీలించేవారు బట్టీతో పాటు నిల్వను, నిల్వకు వీలివ్వని చట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.