భూగోళం చేసిన అపకారమెంత? పాలకులు చేసినదెంత?

బీహార్‌కు ప్రత్యేక హోదా ఇవ్వడానికి తగిన ప్రాతిపదిక లేదని 2024 జూలై 22న కేంద్ర ఆర్థికశాఖ లోక్‌సభకు లిఖితపూర్వకంగా తెలియజేసింది. మరునాటి బడ్జెట్‌లోనే కోసీ–మేచీ అనుసంధానం మొదలైన వరద నివారణ పథకాలకు 11,500 కోట్ల రూపాయల మేరకు సహాయం ప్రకటించింది. హోదా నిరాకరించి ధనం ప్రకటించడంలోని రాజకీయావసరం రాజధానిలో అందరికీ తెలిసినదే. అదే హోదాకోసం 2014 నుంచి ఎదురుచూస్తున్న ఆంధ్రప్రదేశ్‌కు ఆ బడ్జెట్‌లో అమరావతి నిమిత్తం 15,000 కోట్ల ఏర్పాటు దక్కిన సంగతి పాఠకులకు విదితమే.

నన్ను ఆలోచింపజేసింది ఈ బేరసారాలకంటె ఆ జవాబులో పేర్కొన్న కొలబద్దలు. కొండలతో కూడిన దుర్గమ ప్రాంతం, తక్కువ జనసాంద్రత లేదా గణనీయమైన గిరిజన జనాభా, పొరుగుదేశాల సరిహద్దున కీలక స్థానం, ఆర్థికంగానూ మౌలిక సదుపాయాల్లోనూ వెనుకబాటు, స్వయంపోషకం కాని ఆర్థికస్థితి—జాతీయాభివృద్ధి మండలి లోగడ పాటించిన లక్షణాలివి. ఒక ప్రాంతపు లేమికి నేలతీరు కారణం కాగలదని ఢిల్లీ 1969 నుంచి అంగీకరిస్తూనే ఉన్నదన్నమాట. అయితే కొండ ఎక్కడ ఉన్నదని చూసిందేగాని, కొండనుంచి దిగిన నీరు ఎవరి ఇల్లు ముంచుతున్నదో చూడలేదు.

కోసీ నది హిమాలయాల్లో పుట్టి నేపాల్ మీదుగా బీహార్ మైదానంలో ప్రవేశిస్తుంది. అది మోసుకువచ్చే ఒండ్రు అపారం. వాలు తగ్గినచోట ఒండ్రు పేరుకొని, నది పాతదారి విడిచి కొత్తదారి పడుతుంది. రెండు శతాబ్దాలకు పైబడిన కాలంలో అది పడమటికి సుమారు 120 కిలోమీటర్లు జరిగింది. ఇంతవరకు భూగోళమే ముద్దాయి.

తరువాతి కథ మనుషులది. 1954లో నేపాల్‌తో ఒప్పందం కుదిరింది. బరాజ్, కరకట్టలు లేచాయి. అప్పట్లో బీహార్‌లో కరకట్టల పొడవు 160 కిలోమీటర్లు, వరద తాకిడికి లోనయ్యే భూమి 25 లక్షల హెక్టార్లు. కరకట్టలు 3,000 కిలోమీటర్లు దాటేసరికి ఆ భూమి 68 లక్షల హెక్టార్లకు పెరిగింది! కట్టలమధ్య చిక్కిన ఒండ్రు నదీగర్భాన్ని ఎత్తు చేసింది. కట్టల వెలుపల కురిసిన వాన నదిలోకి పోయే దారిలేక పొలాల్లో నిలిచింది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కట్ట తెగి 30 లక్షలకు పైగా జనం వరదపాలయ్యారు. ఆనాడు నదిలో ప్రవాహం దాదాపు ఒకటిన్నర లక్షల క్యూసెక్కులు. బరాజ్‌ను రూపొందించింది తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు. దీనిని దైవఘటన అనడం న్యాయమా?

గనుల కథ ఇంతకంటె విచిత్రం. అవిభక్త బీహార్ దక్షిణభాగంలో ఇనుము, బొగ్గు చేరువలో ఉన్నందుననే జంషెడ్‌పూర్ వెలిసింది. అంతటి అనుకూలత గల సీమకు పరిశ్రమలు తరలిరావలసింది. కాని 1956 నుంచి కేంద్రం రవాణా ఖర్చును సమంచేసి, ఉక్కును దేశమంతటా ఒకే ధరకు అందించింది. గని పక్కనున్న కర్మాగారానికీ, పశ్చిమ తీరపు కర్మాగారానికీ తేడా లేకపోయింది. పత్తికి మాత్రం ఈ సమానత్వం ప్రాప్తించలేదు. 1990 దశకం ఆరంభంలో ఈ విధానం తొలగేనాటికి పరిశ్రమలు అన్యత్ర వేళ్లూనుకొన్నాయి. 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడటంతో గనులు అటు పోయాయి. వరదలు ఇటు మిగిలాయి.

ప్రకృతి లోపాన్ని పాలన దిద్దగలదనడానికి తెలుగువారికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. 1830లనాటి కరవులతో జనక్షయమైన గోదావరి సీమ, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట ధాన్యాగారమైంది. నది అదే, నేల అదే. పంజాబ్‌ది మరొక పాఠం. కాలువలు, 1963లో జాతికి అంకితమైన భాక్రా ఆనకట్ట, మద్దతు ధరకు ధాన్యసేకరణ ఆ రాష్ట్రాన్ని సంపన్నం చేశాయి. వరిమీది మోజు నేడు దాని భూగర్భజలాన్ని హరిస్తున్నది. ఆ పంజాబ్‌లో నాట్లు వేయడానికే బీహార్ కూలీ రైలెక్కుతున్నాడు.

2025 మార్చి 28న కేంద్ర మంత్రివర్గం 6,282 కోట్లతో కోసీ–మేచీ పథకాన్ని ఆమోదించింది. సాగునీరు రావడం మంచిదే. ఒండ్రు సమస్య మాత్రం అలాగే ఉంటుంది, దానికి నేపాల్‌తో సఖ్యత అవసరం. నేల మనకు కొన్ని అవకాశాలు, కొన్ని ఆటంకాలు ఇస్తుంది. వాటిలో ఏవి పైచేయి కావాలో ప్రభుత్వాలే నిర్ణయిస్తాయి. అందువలన వెనుకబాటుకు కొలబద్దలు మళ్లీ రాసేనాడు, ఒక రాష్ట్రంలో ఎన్ని కొండలున్నాయన్న ప్రశ్నతోపాటు దేశం ఆ రాష్ట్రం నుంచి ఏమి తీసుకొన్నదన్న ప్రశ్న కూడా అడగాలని నా అభిప్రాయం. ఆ లెక్క తేల్చితే బీహార్ అడుగుతున్న దానిలో ఎంత భాగం సహాయమో, ఎంత భాగం పాతబాకీయో పార్లమెంటుకే తెలిసివస్తుంది.