శనివారమా, ఆదివారమా? విశ్రాంతి దినం అసలు కథ

మన దగ్గర చర్చికి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆదివారాన్నే విశ్రాంతి దినం అంటారు. కానీ పది ఆజ్ఞల్లో ఉన్నది ఏడో రోజు, అంటే శనివారం. మరి ఆదివారం ఎలా వచ్చింది?

ముందు యూదుల సంగతి చూద్దాం. వాళ్ళ సబ్బాతు శుక్రవారం పొద్దు గూకే ముందు దీపాలు వెలిగించడంతో మొదలై, శనివారం రాత్రి చుక్కలు కనపడ్డాక ముగుస్తుంది. గట్టిగా పాటించే ఇళ్ళల్లో ఆ 25 గంటలూ ఫోన్ ముట్టుకోరు. రీల్స్ లేవు, స్టేటస్ లేదు! ప్రాణం మీదికొస్తే మాత్రం ఫోన్ చెయ్యాల్సిందే, అందులో తప్పు లేదు.

ఎందుకు ఆగాలి? నిర్గమకాండం 20లో, దేవుడు సృష్టి ముగించి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అని ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 5కి వస్తే కారణం వేరు: మీరూ ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, మర్చిపోవద్దు. అందుకే దాసుడికీ దాసికీ, ఎద్దుకీ గాడిదకీ కూడా సెలవే. నాకైతే అసలు పాయింట్ ఇదే అనిపిస్తుంది. యజమాని కాళ్ళు చాపుకుని కూర్చుని, పనివాడు పరుగులు పెడుతుంటే అది సబ్బాతు ఎలా అవుతుంది? ఆరాధన అయ్యాక మనం బిర్యానీ ఆర్డర్ పెడతాం కదా, తెచ్చే అబ్బాయికి ఏ రోజు సెలవో ఎప్పుడైనా అడిగామా?

సరే, ఆదివారం. యేసు ఆ రోజు తిరిగి లేచాడని నమ్మిన తొలి క్రైస్తవులు ఆ రోజే కూడుకునేవారు. అప్పట్లో అది ఆరాధన రోజే గానీ సెలవు కాదు. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారం కోర్టులు, పట్నాల్లో పనులు ఆపమని చట్టం తెచ్చాడు. రైతులను మాత్రం వదిలేశాడు, విత్తే అదును తప్పిపోకూడదని. సెవెంత్ డే అడ్వెంటిస్టులైతే ఇప్పటికీ శనివారమే పాటిస్తారు.