వావిలాకు – ఎంతవరకు మేలు?

మార్కాపురం, గిద్దలూరు వైపు వాగుల ఒడ్డున, పొలం గట్ల మీద వావిలి చెట్టు చూడనివారు ఉండరు. ఒక్కో కాడకు మూడో అయిదో ఆకులు చేతివేళ్లలా విచ్చుకొని, పైన పచ్చగా, అడుగున తెల్లగా ఉంటాయి. నలిపితే ఘాటైన వాసన. పశువులు అంతగా మేయవు కనుక కంచెకు కూడా నాటుతారు. సంస్కృతంలో దీన్నే నిర్గుండి అంటారు, తమిళులు నొచ్చి అంటారు.

మన పెద్దలు దీన్ని బాగా వాడుకున్నారు. బాలింత స్నానానికి కాగులో వావిలాకు వేసి మరిగిస్తారు. జలుబు చేస్తే ఆవిరి పడతారు. ఎండిన ఆకులు పప్పుల గాదెలో వేస్తే పురుగు తగ్గుతుంది. దోమలకు పొగ కూడా వేస్తారు గాని, పసిబిడ్డ ఉన్న గదిలో ఆ పొగ వద్దు, దోమతెర కట్టండి. చిన్నపిల్లలకు మరిగే గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలుతుంది. జ్వరం రెండు రోజులు దాటితే ఆకులతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించండి. మలేరియా, డెంగీ ఆవిరికి పోవు.

అసలు నేను చెప్పదలచింది కీళ్లనొప్పుల సంగతి. ఒక అవ్వ కొన్నేళ్లు వావిలాకు కాపడంతోనే నెట్టుకొచ్చి మా దగ్గరకు వచ్చింది. మెడ తిప్పమంటే ఒళ్లంతా తిప్పింది. నడుం వంగదు. "ఏ నీళ్లు తాగుతావవ్వా?" అంటే, "బోరు నీళ్లే సిస్టరమ్మా, కాచి చల్లార్చి తాగుతా" అంది గర్వంగా. పక్కనున్న మనవడి పళ్ల మీద గోధుమరంగు చారలు!

ఆ రెండూ ఒకే జబ్బు గుర్తులు – ఫ్లోరోసిస్. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పడమటి ప్రకాశంలో చాలా బోర్లలో అది ఎక్కువే. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది కూడా. పాపం, అవ్వకు ఇది ఎవరూ చెప్పలేదు.

కాపడం పెట్టుకోండి, కాదనను. వేడికి నొప్పి కాస్త సద్దుమణుగుతుంది. కానీ ఎముకల్లో పేరుకున్నది దిగదు, గట్టిపడిన వెన్ను మళ్లీ మునుపటిలా వంగదు. మనవడి సంగతి వేరు. పళ్ల చారలు పోకపోయినా, ఇప్పుడే నీళ్లు మారిస్తే వాడి ఎముకలు దక్కుతాయి. వాననీరో, ఫ్లోరైడు తీసిన నీరో తాగడానికీ వంటకీ వాడండి. స్నానానికి బోరు నీళ్లు ఫరవాలేదు. పాలు, ఆకుకూరలు, ఉసిరి పెట్టండి.

మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండుమూడుసార్లు కడిగి, నిండుగా పట్టి, ఊరి పేరు, బోరు ఎక్కడిదో రాసి ఇవ్వండి. గాజుసీసా వద్దు.