ఊరి గొడవ రాసిన కాళోజీ

దాశరథి 'అగ్నిధార', 'రుద్రవీణ' అప్పటికే చదువుకుని ఉన్న తెలంగాణ పాఠకుల చేతికి 1953లో ఇంకో కవితా సంపుటి వచ్చింది. పేరు 'నా గొడవ'. నిప్పూ లేదు, వీణా లేదు. ఇంట్లో, సంతలో, కచేరీ మెట్ల మీద రోజూ వినబడే మాట ఒకటి తిన్నగా అట్ట మీదికి ఎక్కింది. ఆ తర్వాత కాళోజీ నారాయణరావు కవిత్వమంతటికీ ఆ పేరే స్థిరపడిపోయింది.

పేరులో 'నా' అని ఉన్నా, లోపల ఉన్న గొడవ ఊరందరిదీ. ఒకచోట తిండి కుప్పలు పడి ఉంటే మరోచోట కడుపులెందుకు మాడుతున్నాయి? ఓటు వేసేముందే ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దా? తెలుగువాడై ఉండి తెలుగు మాట్లాడటానికి సిగ్గెందుకు? ఇవీ ఆయన వస్తువులు. సంబరం పాలు తక్కువే, ఏడుపూ కోపమూ ఎక్కువ. సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ కంటతడి పెట్టుకునేవారని ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

1914 సెప్టెంబరు 9న ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్ళిలో పుట్టారు. తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు కన్నడం, చదువులో ఉర్దూ. అన్న రామేశ్వరరావు 'షాద్' పేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పినవారు. ఇన్ని భాషల మధ్య తమ్ముడు పట్టుకున్నది మాత్రం తాను పెరిగిన మడికొండ, వరంగల్ జనం నోటి తెలుగు. గ్రాంథికం రాక కాదు, అక్కర్లేక.

పాదాలు పొట్టివి. ఊపిరి ఎక్కడ ఆగుతుందో మాట అక్కడే తెగుతుంది. చివర్న ప్రాస పడుతుంది, లోపల ఒక లయ నడుస్తుంది. అందుకే ఒక్కసారి విన్నవాడు బయటికొచ్చి ఇంకొకరికి అప్పజెప్పగలిగేవాడు. నిఘంటువుతో పని లేదు. ఇదేం కవిత్వం, ఉపన్యాసం కదా అన్నవాళ్ళూ లేకపోలేదు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఏదో ఒక రోజు సంఘటన మీద రాసినవి కొన్ని, ఆ సంఘటనతోపాటే పాతబడ్డాయి. కానీ ఆకలి మీద రాసినవి చదవడానికి చరిత్ర పుస్తకం తెరవనక్కర్లేదు. తేలిగ్గా అర్థమయ్యేలా రాయడం తేలికైన పని అనుకునేవాళ్ళు అలాంటి నాలుగు పాదాలు రాసి చూడాలి.

రాసినదానికి మూల్యమూ చెల్లించారు. నిజాం కాలంలో జైలుకు వెళ్ళారు, వరంగల్ నుంచి బహిష్కరణకు గురయ్యారు. 1958 నుంచి రెండేళ్ళు శాసనమండలిలో ఉన్నారు. తర్వాత సత్తుపల్లిలో సాక్షాత్తు అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీకి నిలిచి ఓడిపోయారు. గెలుస్తానని ఆయనైనా అనుకుని ఉంటారా అన్నది అనుమానమే. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. 2002 నవంబరులో కన్నుమూశారు. భౌతికకాయాన్ని కాకతీయ వైద్య కళాశాలకు ఇచ్చేశారు.

ఆయన పుట్టినరోజును తెలంగాణ ప్రభుత్వం భాషా దినోత్సవంగా జరుపుతోంది. బడుల్లో పిల్లలు ఆయన కవితలు కంఠస్థం చేసి వేదికల మీద చదువుతారు. మంచిదే. కాకపోతే ఆ పూట పంతుళ్ళు ఒక పని అదనంగా చేయవచ్చు: మీ ఇంటి గొడవేమిటో, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే నాలుగు పాదాలు రాయండిరా అని పిల్లల చేతికి కాగితం ఇవ్వవచ్చు.